గోపురం ఎక్కిన మాట: మా అమ్మ దగ్గర నేర్చుకున్న శరణాగతి



ఆదివారం వీడియోలో రామానుజులవారు తిరుక్కోట్టియూరు గోపురం ఎక్కిన ఘట్టం చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో ఒక మాట వదిలేశాను. నిజం చెప్పాలంటే టైమ్ ఒక్కటే కారణం కాదు, కెమెరా ముందు చెప్పే ధైర్యం లేకపోయింది. అది మా ఇంటి మాట. అమ్మను అడిగాను. "రాయి బిడ్డా, పేరు మాత్రం వెయ్యకు" అంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వీడియో చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. రామానుజులవారు మంత్రార్థం తెలుసుకోవడానికి శ్రీరంగం నుంచి తిరుక్కోట్టియూరుకు పద్దెనిమిది సార్లు నడిచి వెళ్లారు. అక్కడి గురువుగారు నంబి పదిహేడు సార్లు తిప్పి పంపించి, పద్దెనిమిదోసారి చెప్పారు. ఇది రహస్యం, బయట చెప్తే నరకానికి పోతావు అని కూడా హెచ్చరించారు. రామానుజులవారు నేరుగా వెళ్లి గుడి గోపురం ఎక్కి, ఊళ్లో వాళ్లందరినీ పిలిచి ఆ అర్థం చెప్పేశారు. గురువుగారు మందలిస్తే, నేనొక్కడినీ నరకానికి పోతే పోయాను, ఇంతమంది బాగుపడతారు కదా అన్నారట. మంచి చేసే మాటను దాచిపెట్టుకోకూడదు అని ఆ కథకు అందరం అర్థం చెప్పుకుంటాం.

మాది శంషాబాద్. ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి మాకు దగ్గరే. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరణ జరిగినప్పటి నుంచి అమ్మ అక్కడికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు. 108 దివ్యదేశాల గుళ్లు ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్తుంది. గోపురం కథ నాకు చిన్నప్పుడు చెప్పిందే ఆమె. అలాంటి మా అమ్మ రొమ్ములో గడ్డను నాలుగు నెలలు దాచిపెట్టింది.

బతుకమ్మ పండుగ ముందు తలంటుకుంటుంటే చేతికి తగిలిందట. నాకు చెప్పింది సంక్రాంతి అయ్యాక. అది కూడా తనంతట తాను చెప్పలేదు. అరిసెల పిండి దంచుతూ చెయ్యి పైకెత్తినప్పుడు ముఖం అదోలా పెట్టడం చూసి నేను అడిగితే చెప్పింది. ఎందుకు దాచావమ్మా అంటే మొదట, "నొస్తలేదు బిడ్డా. నొయ్యనిదానికి దవాఖాన ఎందుకు?" అంది. తర్వాత అసలు మాట బయటికొచ్చింది. "నీకు సంబంధాలు చూస్తున్నం. తల్లికి ఈ బీమారి ఉన్నదని తెలిస్తే ఎవరొస్తరు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి, చిన్నప్పటి నుంచి అలవాటే. ఆ రాత్రి మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. నా పెళ్లి కోసం అమ్మ తన ప్రాణం పణంగా పెట్టింది. అది ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమ వల్ల నాలుగు నెలలు పోయాయి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదు అనుకోవద్దు. రొమ్ము క్యాన్సర్ గడ్డ చాలామందికి మొదట్లో నొప్పే పెట్టదు. గట్టిగా తగిలే గడ్డ, చర్మం లోపలికి గుంటపడడం, చనుమొన లోపలికి లాగినట్టు అవ్వడం, అందులోంచి రక్తం రావడం, చంకలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోవాలి. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు, చాలావరకు మామూలువే. అయితే ఆ మాట చెప్పాల్సింది డాక్టరు. మనకు మనం చెప్పుకోకూడదు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానంలో ఉంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 23 లక్షల మంది మహిళలకు ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. ఇంతమందికి వచ్చేదాన్ని సిగ్గుపడి దాచుకోవడం ఏమిటి?

పరీక్షలు మూడు చేశారు. డాక్టరు చేత్తో చూడడం, మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్, చివరికి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. సూది అనగానే ఇంట్లో గొడవ మొదలైంది. "గడ్డను గుచ్చితే ఒళ్లంతా పాకుతది" అని పెద్దమ్మ భయపెట్టింది. అది అపోహ. ముక్క తీసి చూడకుండా అది ఏ రకమో తెలియదు, రకం తెలియకుండా మందు ఇవ్వలేరు. హార్మోన్ రిసెప్టర్లు ఉన్నాయా, హెర్2 ఉందా లేదా అన్నది ఆ ముక్కలోనే తెలుస్తుంది. అమ్మకు హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అని వచ్చింది. రెండో దశ. ముందు కీమోతో గడ్డను చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు.

ఇంతలో చుట్టం ఒకాయన ఫోన్ చేశాడు. ఫలానా ఊళ్లో వేర్ల మందు ఇస్తారు, మూడు నెలలు తాగి చూడండి, తగ్గకపోతే అప్పుడు దవాఖానకు పోదురు అని. ఆయన చెడ్డవాడు కాదు, మా మంచికే చెప్పాడు. కానీ మాకు అప్పటికే నాలుగు నెలలు పోయాయి. ఇంకో మూడు పోతే గడ్డ మా కోసం ఆగుతుందా?

అమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. చివరికి, "దేవుని ముందట చీట్లు ఎయ్యి. కీమో అని ఒకటి, వేర్ల మందని ఒకటి. ఏదొస్తే అదే" అంది.

నేను చదువుకున్నది ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇలాంటివి కొట్టిపారేస్తానని మీరు అనుకోవచ్చు. కానీ ఆ రోజు నాక్కూడా చీటీ వేస్తే బాగుండనిపించింది. అప్పటికి మూడు రాత్రులుగా ఇంటర్నెట్ చదివి చదివి, ఒక ఎక్సెల్ షీట్ చేసి, అందులో నలభై గడులు నింపి, ముందుకంటే ఎక్కువ అయోమయంలో ఉన్నాను. నిర్ణయం అనే బరువు ఎవరైనా తీసుకుంటే చాలు అనిపించింది.

ఇద్దరం కలిసి మా కాలనీ గుడికి వెళ్లాం. అయ్యగారికి విషయం చెప్పి, చీటీ తీయమని అమ్మ అడిగింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను తియ్యనమ్మా. ఏ పూలు తేవాలో అని చీటీ వెయ్యి, తీస్తాను. ప్రాణానికి చీటీ వెయ్యకూడదు. డాక్టరుకు ఆ చదువు ఇచ్చింది కూడా స్వామే. వెళ్లి వైద్యం మొదలుపెట్టు. ఇక్కడికొచ్చి ధైర్యం అడుగు, ఇస్తాడు" అన్నారు. ప్రసాదం చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక నాకు గీత గుర్తొచ్చింది. అంత ఉపదేశం చేసిన కృష్ణుడు చివర్లో ఏమన్నాడు? నేను చెప్పినదంతా బాగా ఆలోచించుకో, ఆ తర్వాత నీకు ఏది సరి అనిపిస్తే అది చెయ్యి అన్నాడు. సాక్షాత్తు భగవంతుడు ఎదురుగా రథం మీద కూర్చుని కూడా అర్జునుడి బదులు నిర్ణయం తీసుకోలేదు. నన్ను శరణు వేడు, భయపడకు అన్న అభయం ఆ తర్వాత వస్తుంది. ఈ వరుస గమనించండి. ముందు విచారణ, తర్వాత అభయం. మనం చాలాసార్లు విచారణ వదిలేసి నేరుగా అభయం దగ్గరికి గెంతుతాం. దానికి శరణాగతి అని పేరు పెట్టుకుంటాం.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో దీని మీద పెద్ద చర్చే ఉంది. రామానుజులవారి తర్వాత వచ్చిన ఆచార్యులు రెండు ఉపమానాలు చెప్పారు. ఒకటి మర్కట కిశోర న్యాయం. కోతి కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంటే, పిల్లే తల్లి పొట్టను గట్టిగా పట్టుకోవాలి. పట్టు వదిలితే కింద పడుతుంది. రెండోది మార్జాల కిశోర న్యాయం. పిల్లి తన కూనను నోట కరుచుకుని తీసుకుపోతుంది. కూన చేసేది ఏమీ లేదు, ఊరికే వేలాడుతుంది. భక్తుడు కోతిపిల్లలా ఉండాలా, పిల్లికూనలా ఉండాలా అని వందల ఏళ్లుగా వాదించుకున్నారు. నాకు ఆ శాస్త్రం లోతు తెలియదు. ఆ ఏడాది మాత్రం మా ఇంట్లో రెండూ చూశాను.

నిర్ణయాల రోజుల్లో కోతిపిల్లలా ఉండాల్సిందే. పట్టు మనదే. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్లాం. జబ్బు ఏ దశలో ఉంది? ఏ రకం? ఈ వైద్యం దేనికోసం, ఇది కాకుండా ఇంకో దారి ఉందా? ఏ ఇబ్బందులు వస్తాయి, వస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలి? మొత్తం ఎంతవుతుంది? ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకున్నాం. అలా అడిగితే మంచి డాక్టర్లెవరూ నొచ్చుకోరు. డబ్బు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. మన హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్టీ రామారావుగారు తన భార్య జ్ఞాపకంగా తలపెట్టిన బసవతారకం ఆసుపత్రి 2000 నుంచి నడుస్తోంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అర్హత ఉందేమో, ఏ వైద్యానికి వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యశ్రీ డెస్కు దగ్గర ముందే అడగండి.

కీమో మొదలయ్యాక పిల్లికూన రోజులు వచ్చాయి. ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఎనిమిది. రెండో కీమో తర్వాత జుట్టు దిండు మీద కుప్పగా రాలింది. నేను ఏడ్చాను, అమ్మ ఏడవలేదు. "తిరుపతిల తలనీలాలు ఇచ్చినప్పుడు ఏడ్చినమా? ఇది కూడా ఆయనకే ఇచ్చిన అనుకుంట" అంది. ఏకాదశి ఉపవాసం మానెయ్యమని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది. ముప్పై ఏళ్ల నియమం. గుళ్లో రద్దీలోకి వెళ్లొద్దన్నారు, బయటి ప్రసాదం తినొద్దన్నారు. మంచం మీద పడుకుని కళ్లు మూసుకుని 108 దివ్యదేశాలూ మనసులో తిరిగి వచ్చేది. సగంలో నిద్రపోయేది. లేచి, "ఎక్కడ ఆగిన్నో యాదికి లేదు, మళ్ల మొదటికెళ్లి తిరగాలె" అని నవ్వేది.

నాలుగో కీమో తర్వాత ఒకరోజు అర్ధరాత్రి జ్వరం వచ్చింది. థర్మామీటరు 101 చూపించింది. కీమో జరుగుతున్నప్పుడు 100.4 దాటితే పొద్దుటిదాకా ఆగకూడదు, తెల్ల రక్తకణాలు తగ్గి ఉంటాయి కాబట్టి ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి రావచ్చని ముందే చెప్పి ఉన్నారు. నాన్న కారు తీశారు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ టైమ్‌లో ఎయిర్‌పోర్టుకు వచ్చే పోయే క్యాబ్‌లు తప్ప ఏమీ లేవు. అమ్మ తల నా ఒళ్లో ఉంది. విష్ణు సహస్రనామం చదువుదామంటే ఒక్క నామం నోటికి రాలేదు. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినది! ఎక్సెల్ షీట్ లేదు, ప్రశ్నల కాగితం లేదు, ప్రార్థన కూడా లేదు. "నువ్వే పట్టుకో" అన్నాను. ఎవరితో అన్నానో కూడా తెలియదు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాం. పిల్లికూన అంటే ఏమిటో ఆ రాత్రి తెలిసింది. మనం చెయ్యగలిగింది మొత్తం చేసేశాక, పట్టు జారిపోయినప్పుడు కూడా మనల్ని పట్టుకుని ఉండేది ఒకటుంది. చెయ్యగలిగింది చెయ్యకుండా ఆ మాట అంటే మాత్రం అది బద్ధకం.

ఆపరేషన్ ముందు పెద్ద నిర్ణయం ఇంకొకటి వచ్చింది. గడ్డ బాగా తగ్గింది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వొచ్చు, లేదా రొమ్ము మొత్తం తీసెయ్యొచ్చు, మీ కేసులో ప్రాణానికి రెండూ సమానమే, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. ఇరవై ఏళ్ల పాటు పేషెంట్లను గమనించిన అధ్యయనాలు కూడా అదే చెప్తున్నాయని నేను చదివి ఉన్నాను. నాకు మొదటిదే సరి అనిపించింది. అమ్మ రెండోది అంది. నేను వాదించాను. రెండు రోజులు వాదించాను. అమ్మ చివరికి, "నీ లెక్కలు కరెక్టే బిడ్డా. కానీ దినాం అద్దం ముందట నిలబడి ఇంకా ఏమన్న ఉన్నదా అని తడుముకునుడు నాతోని కాదు. ఒళ్లు నాది" అంది.

అప్పుడు నాకు సిగ్గేసింది. అయ్యగారు చీటీ తియ్యనన్నారు, కృష్ణుడు నిర్ణయం చెప్పనన్నాడు, నేను మాత్రం అమ్మ బదులు చీటీ తియ్యడానికి తయారయ్యాను. మొత్తం తీసేశారు. ఆ తర్వాత చంకలో గ్రంథుల రిపోర్టు చూసి, రేడియేషన్ కూడా అవసరమే అన్నారు. 15 సిట్టింగులు. ఎలాగూ రేడియేషన్ తప్పలేదు, అనవసరంగా మొత్తం తీయించుకున్నావని అమ్మను మళ్లీ బాధపెట్టిన చుట్టాలున్నారు. అమ్మ, "అప్పుడు తెలిసినదాంతోని అప్పుడు ఆలోచన చేసిన. తర్వాత వచ్చింది నా చేతుల లేదు" అంది. కర్మ మన చేతిలో ఉంది, ఫలం లేదు అని మనం ప్రవచనాల్లో ఎన్నిసార్లు విన్నాం! నాకు అర్థమైంది మాత్రం ఆ వంటింట్లోనే.

కోలుకోవడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. వైద్యం అయిపోతే అంతా అయిపోయింది అనుకుంటారు. చెయ్యి పైకి లేవదు. గోడ మీద వేళ్లతో పాకించుకుంటూ రోజుకో అంగుళం పైకి జరపాలి. చెయ్యి వాస్తుందేమో చూసుకుంటూ ఉండాలి. ఐదేళ్లకు తక్కువ కాకుండా హార్మోన్ మాత్ర వేసుకోవాలి. వీటన్నిటికంటే అద్దం కష్టం. ఆ ఏడు బతుకమ్మకు అమ్మ ఇల్లు కదల్లేదు. బ్లౌజు సరిగ్గా కూర్చోదు, అందరూ అక్కడే చూస్తారు అంది.

అప్పుడు నేను కూరేశుల కథ గుర్తుచేశాను. రామానుజులవారిని కాపాడడానికి ఆయన వేషంలో రాజసభకు వెళ్లి, కళ్లు పోగొట్టుకున్న శిష్యుడు. చాలాకాలం తర్వాత, కంచి వరదరాజస్వామిని చూపు అడుగు అని రామానుజులవారే పంపిస్తే, కూరేశులు తన కోసం ఏమీ అడక్కుండా, తమకు ద్రోహం చేసినవాడికి మోక్షం ఇమ్మని అడిగారని గురుపరంపర కథల్లో చెప్తారు. ఆ మహానుభావుణ్ణి మనం కళ్లు లేనివాడుగా తలుచుకుంటామా? ఆయన మనసుతోనే తలుచుకుంటాం. అమ్మ విని, "ఆయన కూరేశులు. నేను మామూలు మనిషిని. నాకు టైమ్ పడతది" అంది. నిజమే. కథ చెప్పినంత తొందరగా గాయం మానదు. నేను తర్వాత ఇంకేమీ చెప్పలేదు. నర్సు చెప్పిన చోట లోపల పెట్టుకునే ప్యాడ్ ఉన్న బ్రా తెచ్చి బీరువాలో పెట్టాను. రెండు నెలల తర్వాత తనే తీసి వేసుకుంది.

నా సంబంధాల సంగతి అడుగుతారేమో. ఈసారి దాచలేదు, వచ్చినవాళ్లకు మేమే ముందు చెప్పాం. ఒక సంబంధం వెనక్కి పోయింది. అమ్మ రెండు రోజులు కుమిలిపోయింది. డాక్టరు నాకు చెప్పినది మీక్కూడా చెప్తాను. రొమ్ము క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. కుటుంబంలో చిన్న వయసులో వచ్చినవాళ్లు, లేదా ఎక్కువమందికి వచ్చినవాళ్లు ఉంటే జన్యుపరీక్ష గురించి అడగాలి. నేనూ అడిగాను. నేను ఎప్పటి నుంచి పరీక్షలు చేయించుకోవాలో చెప్పారు, అలాగే చేయించుకుంటాను.

మన హైదరాబాద్ డాక్టర్ ఉషాలక్ష్మిగారి గురించి కూడా చెప్పాలి. ఆమెకు 2002లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమె కొడుకు, సర్జన్ రఘురామ్‌గారు ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చి 2007లో తల్లి పేరు మీదే ఫౌండేషన్ పెట్టి, ఊరూరా దీని గురించి మాట్లాడుతున్నారు. తల్లి జబ్బును దాచకుండా బోర్డు మీద పేరుగా రాసిన కొడుకు! దాన్ని కూడా నేను గోపురం ఎక్కడమే అంటాను.

ఇక చివరి మాట. మొన్నటి బతుకమ్మకు అమ్మ వెళ్లింది. జుట్టు భుజాల దాకా వచ్చింది. ఆట మధ్యలో అందరూ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, అమ్మ చప్పట్లు కొట్టి అందరినీ పిలిచింది. నాకేమీ అర్థం కాలేదు. "నాకు రొమ్ముల గడ్డ అయింది. నాలుగు నెలలు దాచిపెట్టిన. దాచిపెట్టుడే నేను చేసిన తప్పు. మీకెవరికన్న ఉంటే దాచకుర్రి. దవాఖానకు పోవుడుకు తోడు లేకపోతే నేనొస్త" అంది. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మళ్లీ పాట అందుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు మా ఇంటికొచ్చారు. ఒకామెకు మామూలు గడ్డేనని తేలింది. ఇంకొకామెకు పరీక్షలు నడుస్తున్నాయి. అమ్మ ఆమెతో పాటు బస్సెక్కి వెళ్లి వస్తోంది. ఆమె కోసం మీరు కూడా ఈ రోజు దీపం పెట్టేటప్పుడు ఒక్క నమస్కారం చెయ్యండి. మీ ఇంట్లో అమ్మనో, అక్కనో, అత్తమ్మనో ఈ వారం నోరు తెరిచి అడగండి. వాళ్లు ఏమీ లేదు అంటే, ఇంకోసారి అడగండి.

వచ్చే ఆదివారం వీడియోలో కలుద్దాం.

జై శ్రీమన్నారాయణ.